రాజు మామ రాగానికి నేను పెట్టిన కాపలా

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం లోకంలో ఏదీ లేదని నా గట్టి నమ్మకం. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళందరికీ ఈ జబ్బు కొద్దో గొప్పో వస్తుంది. నాకు కాస్త ముదిరింది. మదనపల్లె దగ్గరి పల్లె నుంచి బెంగళూరు వచ్చి, ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో చేరి, బొమ్మనహళ్ళిలో ఒకరి మేడ మీద గది తీసుకుని ఉండేదాన్ని. ఎవరింట్లో ఏది చెడినా, అది మిక్సీ అయినా సరే, మోటారు అయినా సరే, నేనుండగా భయమెందుకు అన్నట్టు వెళ్ళి నిలబడేదాన్ని. (మిక్సీ నేను ముట్టుకున్న తర్వాత పూర్తిగా చెడింది. ఆ సంగతి అత్తమ్మ ఎప్పుడూ ఎత్తలేదు, ఆమె మంచితనం.)

అత్తమ్మ అంటే ఇంటావిడ. ఇంటాయనను వీధిలో అందరూ రాజు మామ అనేవాళ్ళు, నేనూ అలాగే పిలిచేదాన్ని. తాతల కాలం నుంచి బెంగళూరులో స్థిరపడ్డ తెలుగు కుటుంబం వాళ్ళది. ఆయనది చుట్టుపక్కల గార్మెంట్ ఫ్యాక్టరీలకు గుండీలు, దారాలు అమ్మే అంగడి. పడుచు వయసులో మాత్రం కోలారు వైపు ఒక నాటక సమాజంలో వేషాలు కట్టేవాడు. ఏ నాటకమైనా రాజు వేషం ఆయనదే, అందుకే ఆ పేరు. ఇంట్లో రాజ్యం అత్తమ్మది కాబట్టి, ఆయన రాజరికమంతా ఒక పాత బిస్కెట్ డబ్బాలో క్యాసెట్ల రూపంలో భద్రంగా ఉండేది. ఒక ఆదివారం ఆ డబ్బా నా ముందు పెట్టి, "పాపా, ఇవి కంప్యూటర్‌లోకి ఎక్కిస్తావా?" అన్నాడు. అడగడమే ఆలస్యం, క్యాసెట్లన్నీ ఎక్కించేశాను.

ఎక్కించాక కొత్త చిక్కు వచ్చింది. "మా సమాజమోళ్ళు కోలారులో కొందురు, చింతామణిలో కొందురు, హిందూపురంలో కొందురు ఉండారు. అందరికీ ఇవి చేరేదెట్ల?" అన్నాడు మామ. వంటింట్లోంచి అత్తమ్మ, "పెన్ డ్రైవులో ఏసి కోలారు బస్సులో ఇచ్చి పంపితే సాయంత్రానికి చేరతాది గదా" అంది. నేను వినపడనట్టు నటించాను. బస్సులో పంపడానికి నేను ఇంజనీరింగ్ చదవాలా? ఫైళ్ళు పంచుకునే ప్రోగ్రాం ఒకటుంటుందని, అందులో ఒకరి దగ్గరున్న ఫైలు ముక్కలు ముక్కలుగా అందరికీ వెళుతుందని, తీసుకున్నవాళ్ళు మళ్ళీ ఇంకొకరికి ఇస్తూ ఉంటారని మామకు చెప్పాను. "అంటే పెండ్లిలో పందిపంక్తి భోజనం మాదిరి" అన్నాడాయన. ఎక్కడో అక్షరం జారినా అర్థం మాత్రం కుదిరింది. నా ల్యాప్‌టాప్ వాళ్ళ హాల్లో టీవీ పక్కన కొలువు తీరి, మామ నాటకాలను పగలల్లా పంచడం మొదలుపెట్టింది.

పంచిన వారంలోపే కేబులాయన వచ్చాడు. ఆ వీధికి నెట్ ఇచ్చేది ఆయనే. మెట్ల మీదే నిలబడి, "సార్, మీ లైన్లో డౌన్‌లోడ్ ప్రోగ్రాం ఏదో నడుస్తా ఉండాది. అది సినిమా దొంగలు వాడేది. మళ్ళీ కనపడితే లైను తీసేస్తా" అన్నాడు. మామకు రాజు కోపం వచ్చింది. "నా నాటకం, నా గొంతు! నేను నా సొత్తు పంచితే దొంగతనమా అప్పా?" అన్నాడు. "లోపల నాటకం ఉండాదో సినిమా ఉండాదో నాకేం గొత్తు సార్? ప్రోగ్రాం పేరే నాకు కనపడేది" అని కేబులాయన కన్నడం, తెలుగు కలిపి చెప్పి, నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

పేరే కదా కనపడేది, కనపడకుండా చేస్తే సరి అన్నాను నేను. వీపీఎన్ పెట్టాను. మన కంప్యూటర్ నుంచి బయటి ప్రపంచం దాకా వేసిన మూసిన కాలువ లాంటిది అది. అందులో ఏం పారుతోందో దారిలో ఉన్న కేబులాయనకు తెలియదు. అయితే నేను పెట్టింది ఉచితంగా దొరికేది. ఉచితానికి తగ్గట్టే ఉండేది దాని నడవడి. కరెంటు ఒక్కసారి కన్ను కొట్టినా తెగిపోయేది. అది తెగితే పంచే ప్రోగ్రాం ఆగాలి కదా, ఆగదు. మూత పోయిందన్న సంగతే దానికి తెలియదు, నడివీధిలో అందరికీ కనపడేట్టు తన పని తాను చేసుకుపోతుంది. అందుకని మామనే కాపలా పెట్టాను. "మామా, ఈ పచ్చ చుక్క ఎర్రగా మారిందంటే వెంటనే ఈ వైరు పీకెయ్యండి" అని చెప్పి ఆఫీసుకు పోయాను. మామ అంగడిని కుర్రవాళ్ళకు అప్పజెప్పి, ఒళ్ళో బొరుగుల గిన్నె పెట్టుకుని, సరిహద్దులో సిపాయిలా ఆ చుక్క ముందు కూర్చున్నాడు. కానీ పంచేది తన నాటకమే. చుక్కను చూస్తూ చూస్తూ ఒకసారి విందామనిపించింది. వింటూ వింటూ పాడాలనిపించింది. పాడితే కళ్ళు మూసుకోవడం ఆయన అలవాటు. సాయంత్రం నేను వచ్చేసరికి చుక్క ఎర్రగా ఉంది, మామ పరవశంలో ఉన్నాడు, కేబులాయన గేటు దగ్గర ఉన్నాడు. "ఇదే ఆఖరు సార్" అన్నాడు.

ఈసారి మామ ముఖం నిజంగానే వాడిపోయింది. దానికి కారణముంది. వచ్చే ఆదివారం కోలారులో ఒక కల్యాణ మంటపంలో పాత సమాజం వాళ్ళందరూ కలుసుకుంటున్నారు. మోకాలి ఆపరేషన్ అయి మామ వెళ్ళలేడు కాబట్టి, ఆయన ఇక్కడ పాడితే అక్కడ వీడియోలో పెద్ద తెర మీద చూపించాలని ఏర్పాటు. ఆ సమాజంలో ఎప్పుడూ మంత్రి వేషం వేసే ఆయన ఒకడున్నాడు. నాటకంలో రాజు మాట జవదాటని ఆ మంత్రి, బయట మాత్రం "రాజు గొంతు పోయిండాది, ఆపరేషన్‌తో ఊపిరి కూడా పోయిండాది" అని చాటింపు వేస్తున్నాడట. "మోకాలికీ ఊపిరికీ ఏం సంబంధమప్పా?" అని మామ కనపడినవాళ్ళందరినీ అడుగుతున్నాడు. రోజూ పొద్దున నీళ్ళ మోటారు వేసి, ఆ చప్పుడు చాటున రాగం సాధన చేస్తున్నాడు. (చాటు అనుకునేది ఆయనొక్కడే. వీధి చివర పాలవాడు కూడా వచ్చి "ఇవాళ బాగా పట్టినారు సార్" అనేవాడు.) ఇప్పుడు లైను పోతే ఆ ఆదివారం పోతుంది.

"మనుషులను నమ్మి లాభం లేదు" అని మామతో అనలేను కాబట్టి మనసులో అనుకుని, నేనే ఒక కాపలా ప్రోగ్రాం రాశాను. అది క్షణక్షణం వీపీఎన్‌ను తడిమి చూస్తూ ఉంటుంది. తెగిందా, ఫైళ్ళు పంచే ప్రోగ్రాంను ఆపేస్తుంది. పరీక్షించాను, ఆగింది. అక్కడితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? ఆపిన ప్రోగ్రాం మళ్ళీ లేస్తే? ఇంకేదైనా చాటుగా నడుస్తుంటే? అందుకని వీపీఎన్ తెగితే కంప్యూటర్‌కు మొత్తం నెట్టే లేకుండా చేశాను. ఎవరూ పొరపాటున కాపలా తీసెయ్యకుండా, ల్యాప్‌టాప్ తెరవగానే అదంతట అదే మేలుకునేట్టు పెట్టాను. పని చేసినప్పుడు నాకు గర్వంగా ఉండాలని, తెర మీద పెద్ద అక్షరాలతో ఒక మాట వచ్చేట్టు కూడా రాశాను. ఇదంతా విని అత్తమ్మ, "దొంగొస్తే తలుపెయ్యాల గానీ, ఇల్లు పడగొడితే ఎట్ల పాపా?" అంది. కంప్యూటర్ల సంగతి ఈమెకేం తెలుసులే అని నవ్వాను.

ఆదివారం వచ్చింది. మామ పట్టు ఉత్తరీయం వేసుకుని, ముఖానికి పౌడరు అద్దుకుని, అటక మీదున్న అట్ట కిరీటం దించి పెట్టుకున్నాడు. ఎదురుగా ల్యాప్‌టాప్ తెరలో మంటపం నిండా జనం, ముందు వరసలో మంత్రి. వీడియోతో పాటు వెనకాల నాటకాల పంపకం కూడా సాగుతూనే ఉంది, ఎందుకంటే కోలారు వాళ్ళు ఇంకా దించుకుంటున్నారు. మామ దణ్ణం పెట్టి పద్యం ఎత్తుకున్నాడు. నేను ఎన్నో ఉదయాలు మోటారు చప్పుడుతో కలిపి విన్న గొంతు అది. ఆ రోజు చప్పుడు లేకుండా వింటే ఒళ్ళు జలదరించింది. చివరి పాదంలో రాగం అందుకుని, కళ్ళు మూసుకుని, చెయ్యి పైకెత్తి, మెట్టు మెట్టుగా పైకి తీసుకుపోయాడు. మంత్రి మెడ ముందుకు సాచి వింటున్నాడు. సరిగ్గా అప్పుడు బయట నాలుగు చినుకులు పడ్డాయి. కరెంటు ఒకసారి కన్ను కొట్టింది.

తెరలో కోలారు మాయమైంది. దాని స్థానంలో పెద్ద అక్షరాలతో నేను రాసుకున్న మాట వచ్చింది: "ప్రమాదం తప్పింది."

మామ కళ్ళు మూసుకునే ఉన్నాడు, రాగం ఇంకా పైనే ఉంది. నేను నెట్ తిరిగి తెప్పించాలని చూశాను. వీపీఎన్ లేదు కాబట్టి నా కాపలా నెట్ రానివ్వదు. నెట్ లేదు కాబట్టి వీపీఎన్ రాదు. ఇద్దరు మర్యాదస్తులు గుమ్మం దగ్గర "తమరు ముందు" అంటే "తమరు ముందు" అనుకుంటూ నిలబడిపోయినట్టు ఉంది వ్యవహారం. ల్యాప్‌టాప్ ఆపి మళ్ళీ తెరిచాను. అది తెరుచుకోవడానికి ముందే కాపలా మేలుకుని, ప్రమాదం మళ్ళీ తప్పించింది. ఎవరూ తియ్యకుండా నేనే వేసిన ముడి, ఆ కంగారులో నాకే విప్పడం రాలేదు. ఈలోగా మామ రాగాన్ని మెల్లగా దించి, పద్యం ముగించి, కళ్ళు తెరిచాడు. "ఏం పాపా, చప్పట్లు కొట్టలేదే?" అన్నాడు.

అంతలో ఆయన ఫోను మోగింది. మామే ఎత్తి, స్పీకర్ నొక్కాడు. అవతల ఎవరో ముసలాయన, అత్తమ్మ ఎత్తిందనుకుని, వెక్కుతూ, "ఎంత పని జరిగెనమ్మా! ఎప్పుడు పోయినాడు?" అన్నాడు.

"ఎవురప్పా పోయింది?" అన్నాడు మామ.

"ఇంకెవురమ్మా, మా రాజు! రాగం పైన ఉన్నట్లే నోరు తెరిచినట్లే తెర మీద ఆగిపోయినాడు గదా, అందరం చూస్తిమి..." అని, ఆ గొంతు ఒక్కసారి తడబడి, "ఇంతకీ మాట్లాడేది ఎవురు?" అంది.

"ఆ పోయినోడే."

అవతల ఫోను కింద పడిన చప్పుడు, మళ్ళీ తీసుకున్న చప్పుడు. ఆ వెనకాల మంటపం గోల వినిపిస్తోంది. ఎవరో మైకులో ఏడుస్తున్నారు. మామ చెవి రిక్కించాడు. "ఆ ఏడ్చేది మంత్రి కదా?" అన్నాడు. అవునన్నాడు అవతలాయన. "స్వల్ప ఉండప్పా. నేనుండానని అప్పుడే చెప్పొద్దు. ఫోను అట్లే మైకు దగ్గరికి తీసకపో. వాడేమంటాడో విననీ."

ముగ్గురం ఫోను చుట్టూ చేరి మామ సంతాపసభ విన్నాం. "అట్లాంటి గొంతు ఇంగ పుట్టదప్పా!" అంటున్నాడు మంత్రి. "ఆ ఊపిరి ఎవురికుండాది? రాగం పట్టినాడంటే, నేను పక్కన నిలబడి ఎన్నోసార్లు నా మాట మరిచిపోతిని." కిరీటం పెట్టుకున్న మామ తల ఆడిస్తూ, "ఇది మాత్రం నిజమే, మరిచిపోతా ఉండె" అని నాకు చెప్పాడు. అత్తమ్మకు ఇక ఓపిక పోయింది. "బతికుండే మనిషి కోసం ఏడిపిస్తే పాపం తగలతాది, చెప్పండి ముందు!" అని గదమాయించింది.

మామ గొంతు సవరించుకుని, కోలారులో రాగం ఎక్కడ తెగిందో అక్కడే అందుకున్నాడు. ఫోను అప్పటికే మైకు దగ్గరుంది. చచ్చిపోయినవాడి రాగం మంటపమంతా మోగేసరికి ఎవరో కెవ్వుమన్నారు. మామ పైకి తీసుకుపోయి, అక్కడ ఆపి, ఇంకా ఆపి (నాకే ఊపిరాడలేదు), తీరిగ్గా దించి పద్యం ముగించాడు. అప్పుడు వినిపించిన చప్పట్లకు ఆ చిన్న ఫోను గరగరలాడిపోయింది. చప్పట్లలోంచి మంత్రి గొంతు ఒకటి పైకి వచ్చింది: "నీ యబ్బ, బతికే ఉండావేమిరా!" ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వులు చివర్లో కాస్త తడిగా ఉన్నాయి.

తర్వాత మామ నా వైపు తిరిగి, "లైను ఎందుకు తెగె పాపా?" అన్నాడు. వాన వల్ల మామా, అన్నాను. అత్తమ్మ ల్యాప్‌టాప్ వైపు వంగి, కళ్ళు చిట్లించి, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది: "ప్ర-మా-దం త-ప్పిం-ది." ఆపైన నా వైపు చూసి, "ఎవురికి పాపా?" అంది. మామకు ఇదేమీ పట్టలేదు. "వచ్చే ఏడాది కూడా మధ్యలో ఇట్లే తెంపు. మా హార్మోనియమోడు నా గురించి ఏమంటాడో వినాల" అన్నాడు. మర్నాడు అత్తమ్మ నాటకాలన్నీ పెన్ డ్రైవులో వేయించుకుని కోలారు బస్సులో పంపింది. సాయంత్రానికి చేరాయి.

ఇప్పుడు నేను బెంగళూరులోనే వర్తూరు వైపు ఉంటున్నాను, ఆఫీసులో నా కింద పనిచేసేవాళ్ళున్నారు. ఈ మధ్య కొత్తగా చేరిన ఒక అమ్మాయి, వీపీఎన్ తెగితే ఫైళ్ళ ప్రోగ్రాంను తనంతట తాను ఆపే ఏర్పాటు ఒకటి రాసి నాకు చూపించింది. అదిప్పుడు వీపీఎన్‌లోనే ఒక గడిలో టిక్కు పెడితే వచ్చేస్తుందని నాకు తెలుసు, ఆ అమ్మాయికీ తెలిసే ఉంటుంది. అయినా అసలు వీపీఎన్ అంటే ఏమిటి అన్న దగ్గర్నుంచి మొదలుపెట్టి, పెద్దవాళ్ళకు చెప్పినట్టు ఓపిగ్గా, మధ్యమధ్యలో నాకు అర్థమవుతోందా లేదా అని నా ముఖం చూస్తూ వివరించింది. నేను తల ఊపుతూ విన్నాను. ఆ అమ్మాయి మాట్లాడుతుంటే, బొమ్మనహళ్ళి హాల్లో టీవీ పక్కన నిలబడి లోకానికి పాఠం చెబుతున్న ఒక పిల్ల నాకు స్పష్టంగా కనపడింది. ఎంత ధీమా దానికి! అత్తమ్మలా ఒక్క ప్రశ్న అడగబోయి, ఆ ధీమా చెడగొట్టడానికి మనసొప్పక మానుకున్నాను. "చాలా బాగుంది, నాకు ఇంకొకసారి చెప్పు" అన్నాను. పిల్ల ముఖం వెలిగిపోయింది. మళ్ళీ మొదటి నుంచి చెప్పింది.