ముళ్ల వడ్ల పొట్లం

1994 అక్టోబరులో నన్ను విత్తన ధ్రువీకరణ విభాగం నుంచి నారాయణగూడలోని జీన్ బ్యాంకుకు సాంకేతిక సహాయకుడిగా బదిలీ చేశారు. పంటలకు దగ్గరి వన్యజాతుల గింజలను చల్లటి గదిలో భద్రపరచడం అక్కడి పని. తెగుళ్లనూ నీటి ఎద్దడినీ తట్టుకునే గుణాలు వాటిలో దొరుకుతాయి.

దీపావళి ముందు మా శాస్త్రవేత్త సుగుణ మేడం మహబూబ్‌నగర్ వైపు ఒక కుంటలో నివ్వరి, అంటే అడవి వరి, కోసుకొచ్చారు. ఆ కుంటను ప్లాట్ల కోసం పూడుస్తున్నారు. మళ్లీ వెళ్లినా దొరకదు. గింజలింకా తడిగా ఉన్నాయి, సెలవులేమో మొదలయ్యాయి. నీడన ఆరబెట్టి తెమ్మని సంచీ నాకిచ్చారు.

చిక్కడపల్లిలో నా కిరాయి గది ముందు వరండాలో మూడు రోజులు ఆరబెట్టాను. ఊరికే కూర్చోలేక శుభ్రం కూడా చేశాను. ధ్రువీకరణలో నాలుగేళ్లు బెరుకులు, అంటే వంగడంతో కలవని గింజలు, ఏరిపారేసిన చెయ్యి నాది. నల్లవి, సన్నవి, కొసన పొడవాటి ముల్లున్నవి తీసేశాను. మిగిలినవన్నీ ఒకే తీరు. మెచ్చుకుంటారనుకున్నాను.

మేడం సంచీ విప్పి, "మిగతావేవయ్యా?" అన్నారు.

"బెరుకులు తీసేసిన మేడం."

"గా తేడాల కోసమే గద నేను మోకాళ్లలోతు బురదల దిగింది! నువ్వు తీసేసినవే నాకు కావాలె. యాడున్నయ్?"

పొద్దున్నే పావురాలకు వేయమని ఇంటి ఓనరు అనసూయమ్మ గారికి ఇచ్చి వచ్చాను. "ఇప్పుడే తెస్త మేడం" అని సైకిలెక్కాను.

నేను మేడ ఎక్కేసరికి పావురాలు ఏవో తింటున్నాయి. వంగి చూశాను. జొన్నలు.

"వచ్చినవా? నీ కోసమే చూస్తున్న," అని ఆవిడ లేచారు. "గవేం వడ్లయ్యా, సూదులా? ఏళ్లకు గుచ్చుకున్నయ్. పావురాల గొంతుల పడితె సస్తయ్ గద! చదువుకున్నోనివి, జర సోయి ఉండొద్దా? నీ మొఖాన కొడదామనే దాపెట్టిన." పేపరు పొట్లం చూపించారు.

"కొట్టుండ్రమ్మా," అని రెండు చేతులా అందుకున్నాను.

పొట్లాన్ని మేడం ఎదుటే సంచీలో కలిపాను. రిజిస్టరులో "ఏరి, తిరిగి కలిపినది" అని నా చేతే రాయించి సంతకం పెట్టించారు.

వన్యజాతి నమూనాలో మట్టీ గడ్డీ పురుగూ తీయాలి. గింజల జోలికి పోకూడదు. ఆ తరవాత రిటైరయ్యేదాకా, నా ముందుకొచ్చిన అడవి నమూనాలో గింజలన్నీ ఒకే తీరుగా కనిపిస్తే, ఎవరు ఏరారని ముందు అడిగేవాణ్ణి.