పన్నెండు ఎమ్మెమ్ తెప్పన్యాకి

మాది జంషెడ్‌పూర్‌లోని బారిడీహ్. మా వారు ఫ్యాబ్రికేషన్ షాపులో వెల్డర్. కిందటేడు మా అమ్మాయి పుట్టినరోజుకు స్నేహితురాళ్లను పిలిచింది. వాళ్లకు కేకు చాలదట, వీడియోలో చూసిన తెప్పన్యాకి కావాలట!

అదేమిటని అడిగితే ఫోన్లో ఇంగ్లీషు అర్థం చదివి చెప్పింది: వేడి ఇనుప ప్లేటు మీద కూరగాయలూ మాంసమూ వేయించే జపాను వంట.

"మన దోసెల పెనం ఉంది కదే," అన్నాను.

"మమ్మీ, వో తో తవా హై," అని, అది ఉత్త పెనమేనంటూ మూతి ముడుచుకుంది.

మా వారు మరీనూ! "పెనం దేనికి పనికొత్తాదే? ఇనప ప్లేటంటే ఎలాగుంటాదో నాకు సెప్తావేటి?" అని షాపులో ఓనరునడిగి, పన్నెండు ఎమ్మెమ్ మందం పలక కోయించి, ఇద్దరి చేత మోయించుకొచ్చారు.

దాన్ని మా గాజు స్టవ్ మీద పెట్టారు. అరగంటైనా క్యాబేజీ చుయ్యిమనలేదు. మంట పెంచారు. అంతే, ఢామ్మని గాజు పగిలి ముక్కలు వంటిల్లంతా చిందాయి. పిల్లలు కేకలేస్తూ వీధిలోకి పరుగెత్తారు. సిలిండర్ కట్టేశాను.

"ఏటండీ ఇది? వంటిల్లనుకున్నారా, షాపనుకున్నారా?" అని అరిచాను.

అటక మీది పాత స్టవ్ దింపి, నా పెనం మీదే అన్నీ వేయించి పెట్టాను. "ఆంటీ, బిల్కుల్ వీడియో జైసా!" అని, అచ్చం వీడియోలో లాగే ఉందంటూ పిల్లలు పెనం ఖాళీ చేశారు.

ఆ పలకను ఎలాగో గుమ్మం దాకా ఈడ్చి, ఇక కదపలేక పక్కనే వదిలేశాం. దాన్ని చూసినప్పుడల్లా ఒళ్లు మండుతుంది. ఇరవై ఏళ్లుగా నేను పెనం మీద వేయిస్తూనే ఉన్నాను. దానికో జపాను పేరుందని ఇంగ్లీషులో చదివితే గాని మా ఇంట్లో ఎవరికీ నోరూరలేదు.