మేడ్చల్‌లో జంట బల్లల ఆఫీసు

నేను ఎక్కడికి బయల్దేరినా మా ఇంట్లో అది పెళ్లి తప్పించుకోవడం కిందికే వస్తుంది. ఆదిలాబాద్ జిల్లాలో ఒక హాస్టల్ బడివాళ్లు ఏడాది పాటు లెక్కలు చెప్పడానికి రమ్మన్నారు. "పెళ్లి చేసుకుని ఆయనతో ఎక్కడికైనా పో, ఎవరొద్దన్నారు?" అంది అమ్మ. నాన్నగారు పేపరు దించకుండానే "తోడు లేకుండా ఎలాగమ్మా" అన్నారు. నాకు నచ్చిన పని కోసం వెళ్తున్నాను, పారిపోవడానికి కాదు అంటే నవ్వి ఊరుకుంటారు. సోమవారంలోగా బడికి జవాబివ్వాలి. ఇల్లు వదిలి సేవకు వచ్చినవాళ్ల రోజు ఎలా ఉంటుందో ముందు చూద్దామని, శనివారం ఏడింటికి సికింద్రాబాద్‌లో మేడ్చల్ బస్సెక్కాను.

మేడ్చల్‌లో ఉన్నది రూతమ్మ టీచర్, రాజమండ్రిలో నాకు లెక్కలు నేర్పినావిడ. రిటైరయ్యాక భర్త సత్యానందంగారితో కలిసి వాళ్ల చర్చి ఆఫీసులో ఏడాదిన్నర జీతం లేని సేవకు వచ్చారు. సుచిత్ర జంక్షన్ దాకా నిలబడే వెళ్లాలి, ఆ తర్వాత సీటు దొరుకుతుంది. కండ్లకోయ దగ్గర కాలేజీ బస్సులు రోడ్డుకు అడ్డం తిరగడంతో కాసేపు ఆగిపోయాం. ఎనిమిదిన్నరకల్లా దిగాను. ఆఫీసు ఒక బట్టల దుకాణం పైన. రెండు బల్లలు ఎదురెదురుగా కలిపి వేసుకున్నారు. ఆయన ముందు ఫోను, ఆవిడ ముందు కంప్యూటరు.

ప్రార్థన, ఉప్మా అయ్యాక ఇక అంతా ఫోన్లే. చుట్టుపక్కల ఊళ్లలో ఇద్దరిద్దరుగా ఉంటూ సేవ చేసే కుర్రాళ్లకు ఇల్లు, గ్యాసు, దోమతెరలు, రైలు టికెట్లు చూడటం వీళ్ల పని. రావల్కోల్‌లో కుర్రాళ్లుండే ఇంటి ఓనరు నీళ్ల మోటారు వెయ్యడం లేదని, అతన్ని ఆయన ఫోన్లో అరగంట బతిమాలారు.

"దేవుడి పని చూద్దామని వచ్చాను, ఇక్కడంతా మోటారు గొడవే" అన్నాను.

"ఆ దేవుడి పనికి వెళ్లేవాడు స్నానం చేసి వెళ్లాలి కదమ్మా" అన్నారు సత్యానందంగారు.

వీళ్లలో ఎవరూ ఒంటరిగా బయటికి వెళ్లకూడదు, తమ జోడీని వదిలి వేరేవాళ్లతోనూ వెళ్లకూడదు. కుర్రాళ్లకే కాదు, ఈ దంపతులకూ అదే పద్ధతి. కొత్తిమీర కట్టకైనా ఇద్దరూ మెట్లు దిగుతారు.

పదకొండింటికి షామీర్‌పేట నుంచి ఫోనొచ్చింది. అక్కడున్న ఇద్దరిలో ఒకతనికి జ్వరం మళ్లీ పెరిగింది. రెండోవాడు అతన్ని వదిలి మందులకు వెళ్లలేడు. డాక్టరు రాసిన మాత్రల పేర్లు ఫోన్లో రాసుకుని పక్కనే మందుల షాపులో కొన్నాం, టీచర్ చారన్నం కట్టారు, ముగ్గురం షేర్ ఆటో ఎక్కాం. మనిషికి పదిహేను రూపాయలు, దారి పొడవునా గుంతలు. తీరా వెళ్లాక సంచిలో మాత్రలు లేవు.

"నువ్వు పెట్టావనుకున్నా."

"మీ జేబులో ఉన్నాయనుకున్నా."

ఎప్పుడూ కలిసే కదిలేవాళ్లు కదా, ప్రతి వస్తువూ రెండోవాళ్ల దగ్గరుందనే ధీమా. దగ్గరి మందుల షాపు మూసి ఉంది. అలియాబాద్ దాకా వెళ్లాలి. ఆయన లేచారు, వెంటనే టీచర్ కూడా లేవబోయి మోకాలు పట్టుకుని కూలబడ్డారు. మంచం మీది కుర్రాడు వణుకుతున్నాడు. ఆ గదిలో నలుగురూ ఇద్దరిద్దరుగా ఇరుక్కుపోయారు.

"నేను ఒక్కదాన్నే కదా, వెళ్లొస్తా" అన్నాను. మంచం పక్కనున్న మందుల చీటీ అందుకున్నాను.

మమ్మల్ని తెచ్చిన ఆటో జహంగీర్ ఇంకా అక్కడే ఉన్నాడు. అలియాబాద్ అతని సొంతూరు.

"ఏంది మేడమ్, ఒక్కదానివే వస్తున్నవ్? గా పెద్దమనుషులైతే జోడీ లేనిదే ఎక్కరు. ఒక సీటే ఉందంటే ఇద్దరూ దిగిపోతరు. పరేషాన్ జేస్తరు నన్ను."

"నాకు జోడీ లేదు. జల్దీ పోనీ అన్నా."

"గట్లయితే మస్తు. బరువు తక్కువ, బండి ఉరుకుతది."

అరగంటలో తిరిగొచ్చాం. మాత్ర పడ్డాక రెండు గంటలకు కుర్రాడికి చెమట పట్టింది, చారన్నం అడిగి మరీ తిన్నాడు. అప్పుడు టీచర్‌కు నా సంగతి చెప్పాను.

"నాకూ ఇరవై రెండేళ్లప్పుడే ఇలా వెళ్లాలని ఉండేది వాణీ. తోడు దొరికాక వెళ్లమన్నారు మా నాన్న."

"నేను ఆ మరుసటేడే దొరికాను కదా" అన్నారు సత్యానందంగారు.

"దొరికారు. రిటైరై బయల్దేరడానికి ముప్పై ఎనిమిదేళ్లు పట్టింది."

ఆయన నవ్వారు. ఆవిడ నవ్వలేదు. "జంటగా వెళ్లడం మా పద్ధతి అమ్మాయ్, ఇందులో మాకు సుఖముంది. నువ్వు ఈ పద్ధతిలో చేరలేదుగా, దీనికోసం ఎందుకు ఆగుతావ్?"

తిరుగు బస్సులో ఆ మాటే తలుచుకుంటూ కూర్చున్నాను. ఆ ఇద్దరి జీవితం నాకు నచ్చింది. అంత దగ్గరితనం, అంత ఓపిక నేను చాలా ఇళ్లలో చూడలేదు. కానీ ఆ రోజు ఆ గదిలో పని జరిగింది ఒంటరి మనిషి ఉండబట్టే. మా ఇంట్లో నా లోటుగా లెక్కగట్టేది అక్కడ నలుగురికీ అక్కరకొచ్చింది.

వెళ్లేవాళ్లకు ఒక మాట: మేడ్చల్‌లో షామీర్‌పేట ఆటోలు నిండితేగానీ కదలవు, చీకటి పడితే దొరకవు. దిగేటప్పుడే తిరుగు బేరం మాట్లాడుకోండి.

ఇల్లు చేరగానే బడికి ఫోను చేశాను. జూన్‌లో వెళ్తున్నాను. ఒక్కదాన్నే.