రెండు సెకన్ల వెదుకులాట

అంబులెన్సుల ఆఫీసులో కంప్యూటర్ల గదిని పద్దెనిమిదేళ్లుగా చూసుకునే ఆమెను అందరూ సర్వరక్క అంటారు. గొంతు పెంచి ఎరగని మనిషి ఆ ఉదయం మేనేజరు బల్ల మీద ఒక కాగితం విసిరికొట్టింది. డ్రైవరుగా పనిచేసే ఆమె బాబాయిని ఉద్యోగంలోంచి తీసేస్తున్నట్టు ఇచ్చిన నోటీసు అది. నిరుడు ఒక ఉదయం పిలుపు వచ్చినా ఆయన బండి తీయలేదట.

"బండి కదిలినట్టు రికార్డుల్లో లేదమ్మా. నేనే వెదికాను."

"దేంతో వెదికారు?"

"ఇంకా దేంతో? రిప్‌గ్రెప్‌తో, రికార్డులు వెదికే ఆ కొత్త ప్రోగ్రాంతో. పోయిన నెల పందెం పెట్టాంగా! మీ పాత ప్రోగ్రాం గ్రెప్‌కి పదకొండు సెకన్లు పట్టింది, దీనికి రెండే. ఆ ఎద్దుబండి ఇంకా ఎందుకు? మీ బాబాయి కాబట్టి మీకు కోపం."

"అవును, బాబాయి కాబట్టే. లేవండి సార్, ఆ కుర్చీ ఇలా ఇవ్వండి."

ఆమె గ్రెప్‌తోనే వెదికింది. పదకొండు సెకన్లూ ఆయన గోళ్లు గిల్లుకున్నాడు. తెరమీద ఒక్క వరుస వచ్చింది: నిరుటి ఆ ఉదయం ఆరూ నలభై రెండుకు బాబాయి బండి బయలుదేరింది.

ఆ వరుస ఉన్న ఫోల్డరు పేరు చుక్కతో మొదలవుతుంది, అంటే అది దాచిన ఫోల్డరు. గ్రెప్ అలాంటివాటినీ చూస్తుంది; చూడమని విడిగా చెప్పకపోతే రిప్‌గ్రెప్ వాటిని పక్కన పెడుతుంది. ఆ సంగతి అది తన వివరణలో దాచకుండానే చెప్పింది. వేగాన్ని కొలిచినవారే, దేన్ని వదిలినందుకు ఆ వేగం వచ్చిందో అడగలేదు. పాత రికార్డులను ఎవరూ పొరపాటున చెరిపేయకుండా ఆ ఫోల్డరును అలా మరుగుపరిచింది సర్వరక్కే. పనిముట్టు మారినప్పుడు ఆమె ఆ మాట చెప్పలేదు. ఆమె కోపంలో సగం అక్కడే రగులుతోంది.

దాచినవీ చూడమని చెప్పి రిప్‌గ్రెప్‌ను మళ్లీ నడిపింది. అయిదు సెకన్లు, అదే వరుస.

"ఈ రిప్‌గ్రెప్ పనిమంతురాలే," అంది కటువుగా. "చెప్పడం మనకే రాలేదు."

"సరేనమ్మా, రేపట్నుంచి ఆయన్ని రమ్మనండి. నోటీసు సంగతి మర్చిపోదాం."

"నోటీసు అందినప్పటినుంచి మూడు వారాలుగా ఆయన సిగ్గుతో గడప దాటలేదు. ఎవరు మర్చిపోవాలి సార్? రాసివ్వండి."

మేనేజరు టైపు చేశాడు: 'రికార్డు అప్పట్లో లభించలేదు.'

"కొట్టేయండి. మేం అక్కడ వెదకలేదని రాయండి."

ఆయన పళ్లు కొరుకుతూ దిద్ది, సంతకం చేశాడు. ఆమె కాగితం లాక్కుని, ఆయన సంతకం కింద తన చేత్తో రాసింది: 'ఆ ఫోల్డరును దాచి, చెప్పకుండా ఊరుకున్నది నేను.'