మంచులో పాతిపెట్టని మందులు

మా సైనిక పోస్టు పదిహేడు వేల అడుగుల ఎత్తులో ఉంది. ఉదయం పదింటికి చేరాం. ఎదురుగాలి. మూడు ఫైబర్ గుడిసెలు, రెండు ఇసుకబస్తాల బంకర్లు, వెచ్చదనానికి ఒక కిరోసిన్ బుఖారీ పొయ్యి. నేను నర్సింగ్ అసిస్టెంట్‌ని. డాక్టర్ లేని చోట మందుల పెట్టెకు, సూదికి, ఆక్సిజన్ సిలిండర్‌కు బాధ్యుణ్ని. మాది కోస్గి. ఊళ్లో నన్ను మిలిట్రీ కంపౌండర్ అంటారు. హోదా తప్పే అయినా వినడానికి బాగుంటుంది.

పోస్టు కమాండర్ సుబేదార్ సాబ్ మొదటిరోజే ఆర్డర్ ఇచ్చారు. మేం దిగేనాటికి గడువు తీరిన మందు గానీ, వాడకుండా మిగిలిన మాత్ర గానీ పైన ఒక్కటి కూడా ఉండకూడదు. మేం తాగేది మంచు కరిగించిన నీళ్లు. మంచులో పాతిన మందు ఎండ ముదిరితే మా గిన్నెలోకే వస్తుంది. బుఖారీలో వేస్తే ఆ పొగను మూసిన గుడిసెలో మేమే పీల్చాలి. కాబట్టి అన్నీ కిందికి మోయాలి. బేస్ ఆసుపత్రి కొలిమిలో వాటిని కాలుస్తారు.

పెట్టెలోని మందులు నా చేతిలోనే ఉన్నాయి. చిక్కల్లా జవాన్ల కిట్లలో దాగినవాటితోనే. నలతకు డాక్టర్ రాసిన మాత్రలు సగం మింగి, మిగతావి సెలవులో ఇంటికి పట్టుకెళ్తారు. మా పాలమూరు పల్లెల్లో మిలిట్రీ రమ్ముకు ఎంత మర్యాదో మిలిట్రీ గోలీకీ అంతే.

పోస్టులో తెలుగువాళ్లం ఇద్దరమే. రెండోవాడు మా వంటాయన. కొల్లాపూర్ మనిషి, నాకంటే పెద్ద. దిగడానికి వారం ముందు, కుక్కర్ కూతకు ఎదురుచూస్తూ ఫోన్‌లో ఫొటో చూపించాడు.

"చూడు తమ్మీ, మా అమ్మ. నిరుడు పుల్ల లెక్క ఉండె. ఇప్పుడు మొఖం ఎంత నిండుగైందో!"

"ఏం పెడుతున్నవన్నా?"

"మిలిట్రీ గోలీలు! మోకాళ్ల నొప్పులు పోయినయ్, ఒళ్లొచ్చింది. ఇగో, ఈసారికి గూడ జమ చేసిన."

బియ్యం బస్తా వెనక నుంచి బిస్కెట్ల డబ్బా తీశాడు. అందులో స్టెరాయిడ్ మాత్రలున్నాయి. ఎత్తులో మెదడు వాచినప్పుడు ప్రాణం నిలపడానికి ఇచ్చేవి. కిందికి పంపిన రోగుల పక్కల దగ్గర ఏరాడట. ఫొటో మళ్లీ చూశాను. గుండ్రటి ముఖం, ఉబ్బిన బుగ్గలు, సన్నటి చేతులు.

"ఎన్నాళ్ల సంది మింగుతాంది?"

"నిరుటి సెలవు సంది. అయిపోతే అట్ట చూపి మందుల దుకాణంల కొంటాంది. ఏంది గట్ల చూస్తున్నవ్?"

"అది ఒళ్లు గాదన్నా, వాపు. షుగర్ పెరుగుతది, బొక్కలు గుల్లబారుతయ్. డబ్బా నాకియ్యి."

"ఇయ్య. మా అమ్మ నడుస్తాందిరా! నువ్వొచ్చి నడిపిస్తవా?"

రేడియో దగ్గరికి వెళ్లి బేస్ డాక్టర్‌ను పిలిచాను. వంటాయన వెనకే వచ్చి నిలబడ్డాడు. జవాబు ఇద్దరం విన్నాం.

"ఇప్పుడే మాన్పించొద్దు. ఇన్నాళ్లు వాడాక ఒక్కసారిగా ఆపితే ప్రాణానికే ముప్పు. ఆసుపత్రిలో చూపించాలి. డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. ఓవర్."

సుబేదార్ సాబ్ మా వంతు కాకపోయినా శాటిలైట్ ఫోన్ వంటాయన చేతిలో పెట్టారు.

"అమ్మా, గా గోలీల అట్ట పట్టుకొని రేపే పెద్ద దవాఖానకు పో. డాక్టర్ చెప్పేదాంక మాత్రం బంజెయ్యకు."

"నువ్వే ఇస్తివి, నువ్వే బెదిరియ్యవడ్తివి. దొంగతనం జేసి తెచ్చినవారా?"

"గది గాదమ్మా, అవి నీకు మంచియి గావు."

"నేనొక్కదాన్ని పోతే ఏం ఫాయిద? వాడకట్టంత మింగుతున్నరు. నా కొడుకు తెచ్చిండని నేనే పంచితిని."

లైన్ తెగింది. వంటాయన డబ్బా నా చేతిలో పెట్టాడు. ఆ పూట పప్పు మాడింది. సాయంత్రం తనే గరిటె పట్టుకొని గుడిసె గుడిసెకూ తిరిగాడు. మిగిలిన మందు బయటికి రాకపోతే పొద్దున పరాఠా రాదని హిందీలో బెదిరించాడు. సుబేదార్ సాబ్ ఆర్డర్‌కు కదలని కిట్లు ఆ మాటకు తెరుచుకున్నాయి.

దిగేరోజు ఆ మందులన్నీ నింపిన సంచి నా వీపు మీదే ఉంది. కొత్త దళం సుబేదార్ పోస్టంతా వెతికాడు. ఒక్క మాత్ర కూడా దొరకలేదు. నాకు సెల్యూట్ చేయాల్సిన పని ఆయనకు లేదు, అయినా చేశాడు. ఆ సంచి కొలిమిలోకి వెళ్లేదాకా నేను కదల్లేదు. యూనిఫాంలో నేను చేసిన పనుల్లో చాటి చెప్పుకోదగ్గది ఇదేనని ఇప్పటికీ అనుకుంటాను.

సెలవుకు ఇద్దరం కలిసే వచ్చాం. జడ్చర్లలో దిగి కొల్లాపూర్ బస్సెక్కాం. ఆ తల్లి కర్ర పట్టుకొని గడప దాకా వచ్చింది. డాక్టర్ మోతాదు తగ్గిస్తున్నాడట. నొప్పి కొంత తిరిగొచ్చింది, షుగర్ దిగింది. పంచిన చేత్తోనే ఇల్లిల్లూ తిరిగి అందరినీ దవాఖానకు పంపింది. మిగిలిన గోలీలు మా ముందే ఇచ్చెయ్యాలని కబురు పెట్టింది. వాటిని దవాఖానలో పారేసే మందులకు పెట్టిన పసుపు సంచిలో వేయించడం మా పని.

ఆ తల్లి అరుగు మీద చాట పెట్టుకొని కూర్చుంది. ఒక్కొక్కరే వస్తున్నారు.

"ఇంకోటి దాస్తివి, తియ్యే!"

"నీ కండ్లు సల్లగుండ! మాకు పంచిందే నువ్వు, ఇప్పుడు మిలిట్రీ పోలీసు గూడ నువ్వేనా?"

ఇప్పుడు నేను సైన్యంలో లేను. జడ్చర్లలో మందుల ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాను. పొద్దస్తమానం మాత్రలు నా కళ్ల ముందు నుంచే పోతుంటాయి. కళ్లు మూస్తే మాత్రం కనిపించేది ఒక్క ముసలమ్మే. ఆ రోజు వరుసలో చివరన నిలబడింది. కొంగు ముడి వేళ్లకు లొంగలేదు. పళ్లతో విప్పింది. పసుపంటిన ఒక్క తెల్ల గోలీని చాటలో వేసి, ఖాళీ కొంగు రెండుసార్లు దులిపి మాకు చూపించింది.