ఆగింది మిషనా, మనిషా

ఆ బస్సు డ్రైవరుకి డిపోవాళ్లు పెట్టిన పేరు నిదానం. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఒక్క కోడిపిల్లని కూడా తొక్కలేదు. అతని బస్సెక్కితే ముసలివాళ్లు హాయిగా కునుకు తీసేవాళ్లు. ఆఫీసుకి ఆలస్యమైనవాళ్లు మాత్రం పళ్లు నూరేవాళ్లు.

అలాంటివాడు ఒక సాయంత్రం ఖాళీ బస్సుని కడిగే షెడ్డులోకి తెస్తూ తెస్తూ తిన్నగా గోడకి కొట్టాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అతనికి గేటు దాటడం గుర్తుంది, గోడ గుర్తుంది. మధ్యలోది లేదు.

"మూడుసార్లు పిలిచానన్నా. కళ్లు తెరిచే ఉన్నావు, పలకలేదు," అన్నాడు వెనక నిలబడ్డ కండక్టరు.

డాక్టరమ్మ అవి ఫిట్స్ అంది. కిందపడి కొట్టుకునే రకం కాదట. కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఉండి, నాలుగైదు సెకన్లు లోపల లేకుండా పోయే రకం. మాత్రలు రాసిచ్చి, "ఏడాదిపాటు ఒక్కసారి కూడా రాకపోతే లైసెన్సు సంగతి అప్పుడు చూద్దాం," అంది.

డిపోలో అతన్ని టైర్ల స్టోరులో కూర్చోబెట్టారు. నేల నుంచి కప్పు దాకా టైర్లు, ఒక ట్యూబులైటు, ఒక బల్ల. కిటికీ లేదు. వచ్చిన టైరు నంబరు రాయాలి, పోయిన టైరు నంబరు రాయాలి. అంతే పని. ఇంటికొస్తే అక్కడా అదే వరస. భార్య స్క్రూడ్రైవరు పట్టుకుని బాత్రూం గడియ ఊడదీసింది. స్టూలెక్కొద్దు, పొయ్యి దగ్గరికి పోవద్దు, డాబా మీదికి ఒక్కడివే వెళ్లొద్దు. ఆవిడ రెడీమేడ్ షాపు బట్టలు ఇంటికి తెచ్చుకుని బొత్తాలు కుట్టేది. కళ్లు సూది మీద ఉన్నా చెవులు మాత్రం అతని మీదే. అతను రెండు నిమిషాలు చప్పుడు చెయ్యకపోతే, "ఏవండీ?" అనేది. "ఉన్నానే తల్లీ, ఉన్నాను," అనేవాడు. రోజుకి నలభైసార్లు తను ఉన్నానని సాక్ష్యం చెప్పుకోవడమే బతుకైపోయింది.

ఆ అవస్థ చూడలేక బావమరిది తన పాత గేమింగ్ కంప్యూటరు మోసుకొచ్చాడు. బల్లకి బిగించే స్టీరింగు, కాళ్ల కింద పెడల్సు, అందులో బస్సు నడిపే ఆట ఒకటి. "చేతులు ఊరుకోక చస్తున్నావు కదా బావా, దీన్ని నడుపు," అన్నాడు.

నిదానం ఆటలోనూ నిదానమే. అద్దాలు చూసుకునిగానీ కదిలేవాడు కాదు. స్టాపులో తలుపు మూయకుండా కూర్చుంటే భార్యకి నవ్వొచ్చింది. "అవి బొమ్మలండీ. అంతసేపు ఆగాలా?"

"ముసలాయన ఎక్కాడు. సీట్లో కూర్చోనీ."

కొన్ని నెలలు బాగానే గడిచాయి. తర్వాత ఆటలో ఊరి నడిబొడ్డున తిరిగే రూటు పట్టాడు. బండ్లు, జనం ఎక్కువైనచోట తెర మీది బొమ్మ క్షణంపాటు బిగుసుకుపోయి మళ్లీ ముందుకి గెంతేది. మొదట్లో విసుక్కునేవాడు. ఒక ఆదివారం పొద్దున మాత్రం, వెనక అద్దంలో కనిపిస్తున్న ఎర్ర లారీ ఉన్నట్టుండి ముందర కనిపించింది. అది ఎప్పుడు దాటిందో తెలియలేదు. గేటుకీ గోడకీ మధ్య ఉన్న ఖాళీ కూడా సరిగ్గా ఇలాంటిదే.

ఆగింది మిషనా, తనా?

మర్నాడే కంప్యూటరు రిక్షాలో పెట్టుకుని రిపేరు షాపుకి తీసుకెళ్లాడు. షాపావిడ మూత విప్పి, ఆట నడిపించి చూసింది. "బొమ్మ చూపించే కార్డు బానే ఉందన్నయ్యా. ప్రాసెసరే ముసలిదైపోయింది. ఇన్ని బండ్లనీ ఇంతమందినీ లెక్కకట్టి కదిలించేది అదే కదా, ఊపిరాడక ఆగిపోతోంది. ఇదే బోర్డులో కూర్చునే కొత్తది నా దగ్గరుంది. గంట పని. వేసేయమంటారా?"

ఇంకొకరైతే ఎగిరి గంతేసి ఊఁ అనేవారు. అతను తల గోక్కున్నాడు. "ఆలోచించుకుని చెబుతానమ్మా," అని, మిషను తిరిగి ఇంటికి మోసుకొచ్చి దుప్పటి కప్పేశాడు.

అప్పటికి పది నెలలు నిండాయి. ఇంకో రెండు నెలలు గడిస్తే లైసెన్సు పరీక్ష. ప్రాసెసరు ముసలిదిగా ఉన్నంతకాలం తప్పు దాని నెత్తిన వెయ్యొచ్చు. కొత్తది వేశాక కూడా లారీ అలాగే దాటిందంటే, ఆ నెపం మోసేవాళ్లు ఇంకెవరూ ఉండరు. వేయించకపోతే అనుమానం కొరుక్కుతింటుంది, వేయిస్తే నిజం మింగేస్తుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఆట మానేసినా అనుమానం మానలేదు. స్టోరులో పైకి లెక్కపెట్టుకుంటూ టైర్లు ఎంచేవాడు. ముప్ఫై ఆరు తర్వాత ఎంతో తోచకపోతే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టేవాడు. పరధ్యానమా, ఫిట్సా? ఎవరినడగాలి? తలుపు లేని గదిలో తనని తాను కాపలా కాస్తున్నట్టుండేది.

వారం చూసి భార్యే అడిగింది. "డబ్బుల గురించైతే నేను సర్దుతాను. దానికింత మొహం వేలాడెయ్యాలా?"

"డబ్బులు కాదు," అన్నాడు. తర్వాత అంతా చెప్పేశాడు.

ఆవిడ చేతిలో చొక్కా పక్కన పెట్టింది. "అయితే వేయించండి," అంది.

"వేయిస్తే తెలిసిపోతుందే."

"తెలియకపోతే రాకుండా పోతుందా? రెండు నెలలాగి యాభైమందిని ఎక్కించుకుంటారు కదా. అందులో నేనూ ఉండొచ్చు."

ఆ సాయంత్రమే ఇద్దరూ కలిసి షాపుకి వెళ్లారు.

కొత్త ప్రాసెసరుతో ఆట వెన్నలా నడిచింది. ఎంత రద్దీలోనూ బొమ్మ తడబడలేదు. భార్య పక్కన కుర్చీ వేసుకుని, సూది పక్కన పెట్టి, తెర మీదే కళ్లు పెట్టుకుని కూర్చునేది. పదహారు రోజులు ఏమీ కాలేదు. అతని గొంతులోకి పాత హుషారు వచ్చింది. "చూశావా, మిషనుదే తప్పు," అని రోజూ అనేవాడు. ఆవిడ ఊఁ కొట్టేది.

పదిహేడో రోజు వంతెన మలుపులో ఉన్నట్టుండి బస్సు రెయిలింగు రాసుకుంటూ పోతోంది. భార్య చెయ్యి అతని భుజం మీద ఉంది. ఎప్పుడు వేసిందో తెలియదు.

"ఆగిందా?" అన్నాడు.

అవునని అనాలనే ఉందని ఆవిడ మొహం చూస్తే అతనికి తెలిసింది. ఆవిడ అవునంటే నమ్మడానికి తనూ సిద్ధంగానే ఉన్నాడు.

"లేదండీ. బండ్లన్నీ కదులుతూనే ఉన్నాయి. రెండుసార్లు పిలిచాను," అంది.

అతను బ్రేకు వేసి బస్సుని పక్కకి ఆపాడు. ఆటలో ప్రయాణికులు గొడవ చేస్తున్నారు. తలుపు తెరిచి అందర్నీ దింపేశాడు.

డాక్టరమ్మ మాత్ర మార్చింది. ఏడాది మళ్లీ మొదటి రోజు నుంచి లెక్క అంది. ఇంతకుముందు ఎన్నిసార్లు వచ్చి ఉంటుందో చెప్పలేమంది. డిపో మేనేజరుకి ఆ సంగతి తనే వెళ్లి చెప్పాడు. "నిన్నెవరడిగారయ్యా?" అన్నాడాయన జాలిగా. అతను టైర్ల స్టోరుకి వెళ్లి కూర్చున్నాడు.

కంప్యూటరు వెనక్కి తీసుకుపోనా అని బావమరిది అడిగితే వద్దన్నాడు. రోజూ సాయంత్రం రెండు ట్రిప్పులు నడుపుతాడు. భార్య భుజం తట్టిన రోజున తారీఖు ఒక పుస్తకంలో రాస్తాడు. నెలనెలా దాన్ని చూసి డాక్టరమ్మ మందు సర్దుతోంది. పోయిన నెల మూడు తారీఖులున్నాయి. ఈ నెల ఒకటే ఉంది.

"తగ్గిందండీ," అంది భార్య.

"ఒక్కటైనా వచ్చినట్టే కదే," అన్నాడు అతను, పుస్తకం మూస్తూ.