రేకు మీద నాలుగో అంకె

మోటార్లకు తీగ చుట్టే మేస్త్రికి ఒక తిక్క ఉంది. ఎవరు ఏ సామాను తెచ్చినా ముందు దాన్ని బోర్లించి, వెనక బిగించిన రేకు చదివితే గాని స్క్రూడ్రైవర్ ముట్టుకోడు. "ఓల్టేజీ అంటే తోసే బలం, కరెంటు అంటే పారే ధార, రెండూ కలిసి చేసే పని వాట్లు. ఈ మూడూ చూడకుండా ప్లగ్గు పెట్టేవాడు కళ్లు మూసుకుని నూతిలో దూకినట్టే" అని వచ్చిన ప్రతివాడికీ పాఠం చెప్పేవాడు. రేకు మీద నాలుగో అంకె కూడా ఉంటుంది. ఊరందరికీ ఒకటే కరెంటు, దానితో మనకేం పని అని దాన్ని వదిలేసేవాడు. అక్కడే కొంప మునిగింది.

ఆయన భార్య ఇరవై ఆరేళ్లకే పోయింది. దూరపు ఆసుపత్రిలో రెండు నెలలు ఉంది. ఇంట్లో రెండేళ్ల కూతుర్ని వదిలి మేస్త్రి కదల్లేకపోయాడు. ఆమె పక్కన ఉన్నది బావమరిదే. పాప కోసమని అక్క మాటల్ని తన టేపు మెషీన్ మీద రికార్డు చేసి, ఆమె పోయాక ఆ టేపు చుట్ట తెచ్చి చేతిలో పెట్టాడు.

"అక్క చివరిదాకా హుషారుగానే ఉంది బావా. నవ్వుతూనే మాట్లాడింది" అన్నాడు.

మేస్త్రి దగ్గర మెషీన్ లేదు. ఓడలో పనిచేసి వచ్చిన ఒకాయన దగ్గర పాత విదేశీ మెషీన్ సంపాదించాడు. అది నూట పది ఓల్టులది, ఇంట్లో వచ్చేవి రెండు వందల ఇరవై. అదో లెక్కా ఆయనకి? సగానికి దించే ట్రాన్స్‌ఫార్మర్ తనే చుట్టాడు. ఓల్టులు సరి, కరెంటు సరి, వాట్లు సరి. మీట నొక్కాడు.

భార్య గొంతు బరువుగా, సాగి సాగి, మత్తులో మాట్లాడినట్టు వచ్చింది. నవ్వు మూలుగులా వినిపించింది. ఆయన గుండె చెరువైపోయింది. ఇంత బాధపడిందా, వీడు నా దగ్గర దాచాడా అని బావమరిది మీద మండిపడి, మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు.

కూతురు ఆ టేపు వింటూనే పెరిగింది. "అమ్మకి మాట్లాడ్డమే కష్టంగా ఉండేదా నాన్నా?" అని అడిగితే, "జబ్బమ్మా" అనేవాడు. పదేళ్లప్పుడు ఆ పిల్ల ఇక వద్దంది. "అమ్మ గుర్తొస్తే భయమేస్తోంది నాన్నా" అంది. మెషీన్ అటకెక్కింది.

భార్య పోయి ఇరవై నాలుగేళ్లు గడిచాయి. ఒకరోజు పక్కవీధి దర్జీ ఓ విదేశీ గోడగడియారం తెచ్చాడు. ఓల్టులు దించే డబ్బా పెట్టినా గంటకి పది నిమిషాలు వెనకబడుతోందట.

మేస్త్రి రేకు చదివాడు. ఈసారి చివరిదాకా చదివాడు.

"మీ డబ్బా తప్పేం లేదండీ. కరెంటు సెకనుకి ఇన్నిసార్లని అటూ ఇటూ ఊగుతుంది. మన దగ్గర యాభై. ఇది అరవైకి చేసింది. ఓల్టులు ఎంత దించినా ఆ ఊపు మారదు. ఊపుని బట్టి తిరిగే మోటారు కదా, అరవై చుట్లు తిరగాల్సింది యాభైయే తిరిగి..."

ఆయన గడియారాన్ని బల్ల మీద పెట్టేశాడు.

"తిరిగి?" అన్నాడు దర్జీ.

మేస్త్రి షాపు అలాగే వదిలేసి ఇంటికి పోయి, అటక మీది మెషీన్ దించి బోర్లించాడు. అరవై.

వారం రోజులు అన్నం సయించలేదు ఆయనకి. టేపుని తిప్పే మోటారు కప్పీ తీసి, తగ్గిన వేగం సరిపోయేలా ఐదో వంతు పెద్దది లేతు మీద చేయించి బిగించాడు. కూతురు ఉద్యోగం నుంచి రాగానే పక్కన కూర్చోబెట్టుకుని మీట నొక్కాడు.

"ఏయ్ పిల్లా, మీ నాన్న నీకు జడ వేస్తున్నాడా, మోటారుకి తీగ చుట్టినట్టు చుడుతున్నాడా?" గలగలమని ఒక నవ్వు. వెనక బావమరిది కూడా నవ్వుతున్నాడు.

అవే మాటలు. కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ పిల్లకీ ఇప్పుడు ఇరవై ఆరు.

"అమ్మ ఇంత చిన్నపిల్లా నాన్నా?"

"మీ మావయ్య నిజమే చెప్పాడమ్మా" అన్నాడు మేస్త్రి. ఆ మాట వినడానికి బావమరిది లేడు, పోయి ఆరేళ్లయింది. "రేకు సంగతి సరే. మీ అమ్మతో నాలుగేళ్లు కాపురం చేశాను. అది దాని గొంతు కాదని మొదటిరోజే నా చెవికి తెలియొద్దూ?"

కూతురు తనే చెయ్యి చాచి టేపు వెనక్కి తిప్పింది.